పొగ రాని తూటా

అబద్ధమాడారు. తెలియక కాదు, తెలిసే ఆడారు. కోల్డ్ ఫోర్క్ తుపాకి క్లబ్బును నడిపే ముగ్గురు పెద్దలూ ఒక్కమాట మీద నిలబడి, తమ బల్ల మీద జరిగిన తప్పును ఎత్తి ఒక గొర్రెల రైతు నెత్తిన పెట్టారు. ఆ మనిషికి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. అది చాలదన్నట్టు పేరు కూడా తీసేశారు. వేళ్లు తీసింది ఇనుము. పేరు తీసింది మనుషులు. ఇనుముకి బుద్ధి లేదు కనుక దాన్ని క్షమించవచ్చు. వీళ్లని ఏమనాలి?

కిందటివారం చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. వసంతంలో, గొర్రెల ఈతలు ముగిసే రోజుల్లో, ఎమ్మెట్ స్కోగ్ తన తాత నాటి రివాల్వర్ పట్టుకుని క్లబ్బు రేంజికి, అంటే తుపాకులు కాల్చే మైదానానికి, వెళ్లాడు. మోంటానా ఇంకా అమెరికాలో రాష్ట్రం కాకముందు పోతపోసిన ఇనుము అది. పాత తుపాకుల పోటీకి కొన్నాళ్ల ముందు అందరూ వచ్చి గురి సరిచూసుకుంటారు. ఆ పోటీకి ఒక ఆచారం ఉంది. ఎవడి తూటాలు వాడు తెచ్చుకుంటే తగువులు వస్తున్నాయని, క్లబ్బే తన బల్ల మీద తూటాలు తయారుచేసి ఒక పెద్ద కాఫీ డబ్బాలో పోసి పెడుతుంది. అందరూ ఆ డబ్బాలోంచే తీసుకోవాలి. అన్నిటిలోనూ పాతకాలపు పొగమందే ఉండాలి. బొగ్గు, గంధకం, సురేకారం కలిపి నూరిన నల్లటి మందు. పేల్చితే తెల్లటి పొగ లేస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఆ రివాల్వర్లు పుట్టింది ఆ మందు కోసం. జోరు ఎన్నో రెట్లుండే కొత్తకాలపు పొగరాని మందు వాటిలో పడితే, ముసలి ఎద్దుకి పందెపు కాడి కట్టినట్టే.

ఎమ్మెట్ జన్మలో పరాయి చేతి తూటా కాల్చినవాడు కాడు. ఆ రోజు జేబులోంచి తన తూటాలు తీయబోతే, క్లబ్బు కోశాధికారి హల్వర్ నిస్ అందరి ముందూ నవ్వాడు. ఏం ఎమ్మెట్, మా చేతి వంట తినవా అన్నాడు. సిగ్గుపడి ఎమ్మెట్ డబ్బాలోంచి గుప్పెడు తీసుకున్నాడు. రెండో తూటాకే రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రం పువ్వులా విచ్చుకుపోయింది. కళ్లద్దాలు కంటిని కాపాడాయి. వేళ్లని ఏదీ కాపాడలేదు.

వారం తిరక్కుండా క్లబ్బు గోడకి కాగితం ఎక్కింది. ఎమ్మెట్ స్కోగ్ గురి బాగా రావాలని దొంగతనంగా తన సొంత తూటాలు, అందులోనూ పొగరాని మందు పోసినవి, కాల్చాడు. క్లబ్బుకి ఏ సంబంధం లేదు. కింద మూడు సంతకాలు.

ఎమ్మెట్ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే అతని భార్య లోర్నా ఇంతదూరం వచ్చేది కాదేమో. కాఫీ ముందు కూర్చుని, కట్టు కట్టిన చేతికేసి చూసుకుంటూ, "జేబులో నావీ డబ్బావీ కలిసిపోయాయేమో, నావాటిలో నేనే మరిచిపోయి ఆ మందు పోశానేమో లోర్నా. జింకల వేటకి వాడే మందు కూడా నా షెడ్డులోనే ఉందిగా," అన్నాడు. నలభై ఏళ్లు తన చేతుల్ని నమ్ముకుని బతికిన మనిషి ఆ చేతుల్ని అనుమానించాడు. ఆ రోజునుంచి షెడ్డు గుమ్మం తొక్కలేదు.

ఆస్పత్రివాళ్లు సంచిలో పెట్టి ఇచ్చిన అతని కోటును లోర్నా చివరికి ఉతకడానికి తీసింది. లోపలి జేబులో గట్టిగా ఏదో తగిలింది. పేలని తూటా ఒకటి. అక్కడ ఆగాం.

* * *

ఆ తూటాని ఆమె వెంటనే విప్పలేదు. విప్పాలని చెయ్యి దురదపెట్టింది. కానీ విప్పితే కనబడేదేమిటో తనకి అర్థం కావాలి కదా. తుపాకి మందు గురించి ఆమెకి తెలిసిందల్లా అది పొయ్యి దగ్గర పెట్టకూడదని. అర్థంకాని సాక్ష్యం చేతిలో ఉంటే అది ఎదుటివాడికే పనికొస్తుంది. ముందు నేర్చుకోవాలి అనుకుంది. అనుకున్నాక లోర్నా స్కోగ్‌ని ఆపడం చలికాలపు గాలిని తడికతో ఆపడమే.

తాతగారిది జంట రివాల్వర్లలో ఒకటి. రెండోది ఆయన తమ్ముడిది, అలమరలో గుడ్డ చుట్టి ఉంది. లోర్నా దాన్ని లూయిస్‌టౌన్‌లో తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రంగునీళ్లు పూసి పగుళ్లు వెతికాడు, చక్రం తాళంలో గట్టిగా కూర్చుంటోందా లేదా అని ఊపి చూశాడు, గొట్టంలో దీపం పెట్టి చూశాడు. ఇది ఇంకా కాలుస్తుంది, కానీ పొగమందు తప్ప ఇంకేం చూపించినా నేను నీ మొహం చూడను అన్నాడు.

షెడ్డులో బల్ల మీదికి పొగమందు డబ్బా ఒక్కటే తెచ్చుకుంది. పొగరాని మందు డబ్బాని కంటికి కూడా కనబడకుండా ఇంట్లో పెట్టి తాళం వేసింది. అది ఎమ్మెట్ నియమం. అతను చెప్పేవాడు కాదుగానీ చేసేవాడు. ముప్పై ఏళ్లుగా కిటికీలోంచి చూసిన పని ఇప్పుడు ఆమె చేతుల్లోకి దిగింది. మెత్తటి సీసపు ముక్కని గొట్టంలోంచి కర్రతో నెట్టి, బయటికొచ్చాక కొలిచి, తూటా కొనకి ఉండే గుండు ఎంత లావుండాలో తేల్చుకుంది. తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి కాచి గుండ్లకి పూసింది. పొగమందు మసి గొట్టానికి గట్టిగా పట్టకుండా చేసేది ఆ మెత్తటి కొవ్వే. అంగట్లో దొరికే ఎర్ర గ్రీజు ఎమ్మెట్ వాడడు. అందుకే అతను కాలిస్తే రేంజంతా మటన్ వాసన అని క్లబ్బులో ఎగతాళి.

మొదటి తూటాలో మందు తక్కువే పోసింది. తూటా ఇత్తడి గుల్లలో మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు కనుక మిగతా చోటంతా మొక్కజొన్న రవ్వతో నింపింది. రివాల్వర్‌ని పాత ట్రాక్టరు టైరుకి బిగించి, చక్రంలో ఒక్క తూటాయే పెట్టి, గడ్డిమోపుల వెనక నక్కి తాడు లాగింది. పేలిన గుల్లని ప్రతిసారీ ఎండలో పట్టి తిప్పి చూసింది. చీలిక లేదు. ఉబ్బు లేదు. అప్పుడు రవ్వ కాస్త తగ్గించి మందు కాస్త పెంచింది. మళ్లీ తాడు. మళ్లీ ఎండలో గుల్ల. ఇనుము ఇక్కడ చాలు అని చెప్పేచోట ఆగాలి, దానికి ఒక మెట్టు కిందే ఉండాలి. తొందరపడినవాడికి ఇనుము మాట వినబడదు.

చేత్తో కాల్చిన రోజున తెల్లటి పొగ మొహం నిండా కమ్మింది. పొగ విడిపోయాక చూస్తే ఎమ్మెట్ వరండాలో నిలబడి ఉన్నాడు. మర్నాడు పొద్దున గుడ్లు తింటూ తల ఎత్తకుండా, "రవ్వ ఎంత తగ్గించావ్?" అన్నాడు.

వేళ్లు పోయాక అతను తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. లోర్నా కంట్లో నీళ్లు తిరిగాయి. కానీ జవాబు మాత్రం గట్టిగానే చెప్పింది.

* * *

గురువారం సాయంత్రం క్లబ్బు సమావేశం. పోటీ శనివారం. కొండల మీద ఎండ ఇంకా పచ్చగా ఉంది. లోర్నా పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లేసరికి కాఫీ మరుగుతోంది, రూబార్బ్ కాడలతో చేసే 'పై' అనే తీపి వంటకం ముక్కలు కోసి పెట్టారు, కుర్చీలన్నీ నిండాయి. కబుర్లు ఒక్కసారి ఆగాయి. ఆమె గోడ మీది కాగితాన్ని చూసింది, ఇంకా అక్కడే ఉంది, మూల కాస్త వంకర తిరిగింది.

అధ్యక్షుడు వార్డ్ బ్రిస్కో లేచి నిలబడ్డాడు. పెద్ద మనిషి, మెల్లగా మాట్లాడతాడు. రేంజి బాధ్యత కూడా అతనిదే. ఈ కట్టడం అతని తండ్రి తన చేతుల్తో కట్టాడు. లోర్నా పెళ్లిలో ఇదే వార్డ్ అకార్డియన్ వాయించాడు. ఎమ్మెట్ ఎలా ఉన్నాడని అడిగాడు. బతికే ఉన్నాడని చెప్పింది.

ఇంతలో అతని కూతురు డెల్లా తలుపు తోసుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, ఆస్పత్రిలో నర్సు. ఎమ్మెట్ చెయ్యి పేలినరోజున తన నడుముకున్న బెల్టు ఊడబీకి అతని మోచేతి పైన బిగించి రక్తం ఆపింది ఈ పిల్లే. ఆ బెల్టు ఇంకా లోర్నా ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది.

"మిసెస్ స్కోగ్, కుట్లు విప్పారా ఆయనకి? నేను ఆదివారం వస్తాను చూడ్డానికి," అంది డెల్లా. తరవాత తండ్రి వైపు చెయ్యి చాపింది. "నాన్నా, ట్రక్కు తాళాలియ్యి. శనివారం ముత్తాత రివాల్వర్ నేనే కాలుస్తున్నా, పరువు తీయకుండా కాస్త చెయ్యి తిప్పుకోవాలి."

వార్డ్ చూడకుండానే తాళాలు విసిరాడు. డెల్లా పట్టుకుని వెళ్లిపోయింది.

లోర్నా బల్ల మీద తెల్లటి పింగాణీ పళ్లెం పెట్టింది. పక్కన సుత్తిలాంటి పనిముట్టు పెట్టింది. తూటాని దాని తలలో బిగించి చెక్క మీద మోదితే, లోపలి గుండూ మందూ ఊడి వస్తాయి. ఆ గదిలో అందరికీ అది తెలుసు. దాన్ని చూడగానే వార్డ్ మెడ ఎర్రబడటం మాత్రం లోర్నాయే గమనించింది.

ఇది చర్చనీయాంశాల్లో లేదని వార్డ్ అన్నాడు. ఉన్నవేమిటని ఆమె అడిగింది. శనివారం బీన్స్ ఎవరు వండాలి, పార్కింగుకి ఏ పొలం అని ఎవరో చెప్పారు. నవ్వులు. ఆమె కూడా నవ్వింది. సరే, బీన్స్ నేను వండుతాను, ఇప్పుడు నా వంతు అంది.

హల్వర్ నిస్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఇనప సామాను కొట్టు అతనిదే, నోరు కూడా ఆ సామాను లాంటిదే. "ఏంటి లోర్నా, గొర్రె కొవ్వు తెచ్చావా? ఈ పై ముక్కల మీద రాసుకుంటాం," అన్నాడు.

"తెచ్చా హల్వర్. నీకోసమే తెచ్చా. కాస్త ఆగు."

ఆమె తూటాని పైకెత్తి అందరికీ చూపించింది. ఎమ్మెట్ కోటు జేబులో దొరికిందని చెప్పింది. ఆ రోజు అతను గుప్పెడు తీసుకుని, కొన్ని చక్రంలో పెట్టి, మిగిలినవి జేబులో వేసుకున్నాడని చెప్పింది. మిగతావి పరిగెత్తే హడావుడిలో ఎక్కడో రాలిపోయి ఉంటాయి. ఇది లోపలి జేబులో ఇరుక్కుంది.

వార్డ్ ఒక అడుగు ముందుకేశాడు. "లోర్నా, అది ఇటివ్వు. పద్ధతి ప్రకారం చేద్దాం. బయటివాళ్లకి పంపుదాం. నువ్వు గానీ నేను గానీ ముట్టుకోకూడదు."

మంచి మాటే. లోర్నా గానీ ఇంకెవరు గానీ కాదనలేని మాట. కానీ ఆ ముగ్గురూ కాగితం మీద సంతకం పెట్టిన రోజున బయటివాళ్లు గుర్తురాలేదు. ఆమె ఆ మాటే అని, సుత్తి ఎత్తి చెక్క మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకి లోపల గలగలమంది. మూత తిప్పి, పళ్లెం మీద వంచింది.

ముందుకు వంగిన తలలన్నీ ఒకేసారి చూశాయి. పొగమందు అయితే తెల్లటి పింగాణీ మీద బొగ్గుపొడిలా నల్లగా పడాలి. పడింది నల్లగా కాదు. బూడిదరంగు చిన్న చిన్న రేకులు. చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. పొగరాని మందు. గుల్ల నిండా అదే.

గది గుసగుసమంది. హల్వర్ ఒక్క ఉదుటున లేచాడు. మొహం వెలిగిపోయింది.

"చూశారా? చూశారా అంట. మేం గోడ మీద రాసిందేంటి? అదే. నీ మొగుడి జేబులోది, నీ చేత్తో విప్పావు, అందులో ఉన్నదేంటో నువ్వే చూపించావు. ఇంకేం కావాలమ్మా నీకు?"

ఎవరో పాపం అన్నారు. ఇంకెవరో ఆమెని ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. ఒక్క క్షణం గదంతా హల్వర్ పక్షాన ఒరిగిపోయింది. వార్డ్ భుజాలు మెత్తబడటం, అతను ఊపిరి వదలడం ఆమె చూసింది. ఎవరైనా సరే ఆ ఊపిరి విని ఉంటే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు. కానీ మనుషులు ఊపిరి వినరు. వాళ్లకి వస్తువు కావాలి.

లోర్నా సుత్తి తలలోంచి సీసపు గుండుని రెండు వేళ్లతో తీసింది. దాని చుట్టూ ఉన్న గాడుల్లో గ్రీజు ఇంకా అలాగే ఉంది. హల్వర్ ముక్కు కింద పెట్టింది.

"వాసన చూడు."

"ఏంటిది?"

"ఏళ్ల తరబడి నా మొగుణ్ని మటన్ అంటున్నావు కదా. చూడు. మటన్ వాసనొస్తోందా?"

హల్వర్ చూడలేదు. అక్కర్లేకపోయింది. గ్రీజు ఎర్రగా ఉంది. అంగట్లో దొరికే ఎర్ర గ్రీజు. క్లబ్బు బల్ల మీద వాడే గ్రీజు. అమ్మేది హల్వర్ కొట్టే.

లోర్నా జేబులోంచి ఎమ్మెట్ చేసిన గుండొకటి తీసి పక్కన పెట్టింది. పసుపచ్చటి మైనం, దగ్గరికొస్తే గొర్రె కొవ్వు వాసన. రెండూ తెల్లటి పళ్లెం మీద పక్కపక్కన. పిల్లవాడికి చూపించినా చెబుతాడు ఏది ఎవరిదో. ఎమ్మెట్ కాల్చింది క్లబ్బు డబ్బాలోంచి తీసిన తూటాయే. క్లబ్బు తూటాలో పొగరాని మందు ఉంది. ఇందులో చిక్కుముడి ఏదీ లేదు. ముడి వేసింది ఆ మూడు సంతకాలే.

"ఎలా వచ్చింది వార్డ్ అది డబ్బాలోకి?" అని మాత్రం అడిగింది.

జవాబు గోడ పక్కనుంచి వచ్చింది. కార్యదర్శి పెట్రా లండీన్. బడిపంతులమ్మగా చేసి ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన ఆవిడ. ఆవిడది మూడో సంతకం.

"చాలు వార్డ్. నాకింక చేతకాదు," అంది.

పెట్రా చెప్పింది ఇంతే. పొగమందు కొలిచి పోయడానికి క్లబ్బులో ఇత్తడి గిన్నె ఉంది, అడుగు కన్నంలోంచి మందు దిగుతుంది. పొగమందుకి తప్ప దేనికీ దాన్ని ముట్టకూడదు. అయితే మిగతా మందుకి వాడే ప్లాస్టిక్ గిన్నెకి చీలిక పడింది. ఆ వారం వార్డ్ తన కొత్త తుపాకికి తూటాలు చేసుకుంటూ, ఏమవుతుందిలే అని ఇత్తడి గిన్నెలోనే పొగరాని మందు పోశాడు. మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్లిపోయాడు. గిన్నె అడుగున మందు మిగిలిపోయింది. ఇత్తడి గనుక బయటికి కనబడదు. మర్నాడు పోటీ తూటాలు చేయడానికి కూర్చున్నది కూడా అతనే. మూత తీసి పైనుంచి పొగమందు నింపాడు. అడుగున ఏముందో చూసుకోలేదు. అడుగున ఉన్నదే కదా ముందు దిగేది. మొదట చేసిన తూటాల్లో బూడిదరంగు మందు, ఆ తరవాత కొన్నిటిలో కలగాపులగం, మిగతావన్నీ మంచివి. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసి కుదిపారు.

ఎమ్మెట్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లిన సాయంత్రం ముగ్గురూ గిన్నె విప్పి చూశారు. సందుల్లో ఇరుక్కున్న బూడిద రేకులు కనబడ్డాయి. గిన్నెని పెట్రాయే కడిగింది. ఈ గదిలోనే, ఇందాకా అందరూ కాఫీ కప్పులు కడిగిన తొట్టిలోనే. తిలాపాపం తలా పిడికెడు. ముగ్గురూ సమానంగా పంచుకున్నారు, జరిమానా మాత్రం నాలుగోవాడి చేత కట్టించారు.

వార్డ్ అప్పుడు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. తన తప్పు బయటపడితే బీమావాళ్లు రేంజి మూసేస్తారని, మూసేస్తే మళ్లీ తెరవరని, ఈ ఊళ్లో చలికాలమంతా మనుషులు కలుసుకునే చోటు ఇదొక్కటేనని, తన తండ్రి పేరు తలుపు మీదుందని చెప్పాడు. దొంగ ఏడుపు కాదది. నిజంగానే నమ్మాడు. అదే ఇంకా అసహ్యం.

"ఒక్కడి పేరు పోతే క్లబ్బు నిలుస్తుందనుకున్నాం లోర్నా. ఎమ్మెట్ మంచివాడు, జనం మర్చిపోతారు అనుకున్నాం."

"జనం మర్చిపోతారు. ఎమ్మెట్ మర్చిపోడు," అంది లోర్నా. "పేరు సంగతి వదిలెయ్. అతను తన చేతుల్ని నమ్మడం మానేశాడు వార్డ్. చెయ్యి కడుక్కుని మళ్లీ కడుక్కుంటున్నాడు. పొయ్యి ఆర్పి మళ్లీ వచ్చి చూసుకుంటున్నాడు. నువ్వు చేసిన తప్పుని అతను రోజూ తనదిగా చేసుకుంటున్నాడు. నువ్వేమో ఇక్కడ పై ముక్కలు తింటున్నావు."

వార్డ్ తల దించుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న వాళ్లు కొందరు తమ పళ్లేలు కింద పెట్టేశారు.

అప్పుడు లోర్నాకి ఒక సంగతి తట్టింది. షెడ్డులో నేర్చుకున్న బుద్ధి అది. పేలిన దాని గురించి ఆలోచించడం కాదు, పేలనివి ఎక్కడున్నాయో ముందు చూడు.

"ఆ డబ్బాలో మిగిలినవి ఏం చేశావ్ వార్డ్?"

శనివారానికి కొత్తవి చేశామని, అవి అలమరలో ఉన్నాయని హల్వర్ గబగబా అన్నాడు. కొత్తవి సరే, పాతవి ఎక్కడ అని ఆమె మళ్లీ అడిగింది. నీళ్లలో నానబెట్టి పాతేద్దామనుకున్నానని వార్డ్ అన్నాడు. అనుకున్నావు, చేశావా అంది ఆమె.

"లేదు. పోటీ అయ్యాక చేద్దామని... ఎవరి కంటా పడకుండా అవతల పెట్టా. నా ట్రక్కులో. సీటు వెనక."

ఆ మాట అతని నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే కింద రేంజిలో ఒక రివాల్వర్ పేలింది.

దబ్బుమని మెత్తటి మోత. లోర్నా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వాలు కింద, కంచె పక్కన, వార్డ్ ఆకుపచ్చ ట్రక్కు. దాని ముందు బల్ల దగ్గర నిలబడి డెల్లా. మోత తగలకుండా చెవులకి పెద్ద కప్పులు పెట్టుకుంది. బల్ల మీద ఆమె పక్కన కాఫీ డబ్బా. అలాంటి డబ్బా క్లబ్బులో ఎవరు చూసినా ఏమనుకుంటారు? పోటీ తూటాలు అనుకుంటారు. తీసుకుంటారు. అదే కదా ఇక్కడి ఆచారం.

డెల్లా ముందు తెల్లటి పొగ గుమ్మడికాయంత లేచి గాలికి విడిపోయింది. మంచి తూటా. మళ్లీ పేలింది. మళ్లీ తెల్లటి పొగ.

మూడోసారి మోత మారింది. మెత్తగా లేదు. ఎండిన కొమ్మ విరిచినట్టు పొడిగా, పదునుగా వచ్చింది. పొగ లేచింది గానీ పలచగా, బీడీ పొగలా. కలగాపులగం తూటా. ఇనుము ఈసారికి ఓర్చుకుంది. డెల్లా చెయ్యి విదిలించుకుని, రివాల్వర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టింది.

లోర్నా కిటికీ పైకి తోసి కాల్పులు ఆపమని కేకేసింది. ఈ రేంజిలో ఆ మాట ఎవరన్నా సరే, సభ్యుడైనా దారినపోయేవాడైనా, అందరూ ఆగి తుపాకి కింద పెట్టాలి. కానీ గాలి ఎదురుగా కొడుతోంది. డెల్లా చెవులకి కప్పులున్నాయి. కేక గడ్డిలోనే రాలిపోయింది. పరిగెత్తి వెళ్లేలోపు చక్రం మొత్తం ఖాళీ అవుతుంది.

మిగిలింది చెవి కప్పుల్ని దాటి కూడా వినబడే ప్రమాద హారన్ ఒక్కటే. గోడ మీది కాగితం పక్కనే దాని ఇనప పెట్టె, పెట్టెకి తాళం, తాళంచెవి వార్డ్ మెడలో. ఒక్కసారి మోగిందంటే ఎందుకు మోగిందో కౌంటీ షెరీఫుకి రాసి ఇచ్చేదాకా రేంజి తెరవడానికి లేదు. శనివారం లేదు, పోటీ లేదు. ఆ రాతలో ఇత్తడి గిన్నె ఉండాలి, కాఫీ తొట్టి ఉండాలి, మూడు సంతకాలూ ఉండాలి. అది గదిలో అందరికీ తెలుసు. హల్వర్ చూపు పెట్టె మీదికి పోయి, అక్కణ్నుంచి వార్డ్ మీదికి పోయింది.

వార్డ్ కిటికీలోంచి చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు. ఇందాక తన చేత్తో విసిరిన తాళాలు ఇప్పుడు గుర్తొచ్చాయి అతనికి. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది గానీ వేళ్లు గొలుసుని పట్టుకోలేకపోతున్నాయి. కింద డెల్లా చక్రం నింపి, కాళ్లు విడదీసి నిలబడి, రెండు చేతుల్తో రివాల్వర్ ఎత్తింది.

లోర్నా అతని మెడలోని గొలుసు పట్టి తెంపింది. తాళంచెవిని అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి నొక్కింది. ఆ పని తానే చేయగలదు. కానీ అది వార్డ్ చేత్తోనే జరగాలి.

"కాగితం తర్వాత చింపుదువుగాని. ఎమ్మెట్ దగ్గరికి తర్వాత వద్దువుగాని. పెట్టె తియ్యి వార్డ్. హారన్ నొక్కు. ఇప్పుడే నొక్కు."